షుగరున్న కుక్కకి నా సొంత వైద్యం

మా ఎదురు ఫ్లాటు రోజీకి షుగరని తేలిన రోజు నుంచీ ఆ ఇంటికి నేనే ప్రధాన సలహాదారుని. వాళ్లు అడగలేదనుకోండి, అది వేరే సంగతి. నాకు షుగరుంది, మా ఆవిడకుంది, మా వియ్యంకుడికీ ఉంది. ఇంతకన్నా అర్హత ఏం కావాలి? ఆ పశువుల డాక్టరు ఏళ్లకేళ్లు చదివితే చదివాడుగానీ, ఒక్కనాడైనా షుగరు మాత్ర మింగిన మొహమేనా?

లక్షణాలు చూసి కంగారు పడకూడదు. కుక్క గిన్నెలకి గిన్నెలు నీళ్లు తాగేస్తోందా? ఎండలు. రెట్టింపు తింటూ కూడా పక్కటెముకలు బయటపడేలా చిక్కిపోతోందా? దిష్టి. బయటికి తీసుకెళ్తే తప్ప పోయనిది ఇప్పుడు హాల్లోనే కానిచ్చేస్తోందా? పొగరు. నీళ్ల గిన్నె ఎత్తి అటక మీద పెట్టేస్తే అదే దారికొస్తుంది. రోజీ పోసినచోట, టీవీ స్టాండు పక్కన, టైల్సు సందు వెంబడి నల్లచీమలు బారు కట్టాయి. ల్యాబు వాడికన్నా ముందే రిపోర్టిచ్చేశాయన్నమాట. నేను మాత్రం చీమలమందు చల్లమన్నాను.

ఇక వైద్యం. డాక్టరు రెండు పూటలా ఇన్సులిన్ సూది రాశాడు. నా గ్లిమెపిరైడ్ మాత్ర సగానికి విరిచి బెల్లంముక్కలో పెట్టి మింగించమన్నాను. దానికాయన సమాధానం: కుక్కలకొచ్చే షుగరులో సాధారణంగా క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలే పోతాయట, మాత్ర పని ఆ కణాల్ని తట్టి లేపడమట, లేవడానికి అక్కడెవరున్నారండీ అన్నాడు. సరే, మనుషుల మందు కుక్కకెందుకయ్యా అని ఇంకోవైపు నుంచి నరుక్కొచ్చాను. అసలు కుక్కల దగ్గర్నుంచే అది మనుషులకొచ్చిందన్నాడు. 1889లో స్ట్రాస్‌బర్గులో మింకోవ్‌స్కీ, మేరింగ్ అనేవాళ్లు ఓ కుక్కకి క్లోమం తీసేస్తే దానికి షుగరొచ్చిందట. 1921లో టొరంటోలో బాంటింగూ బెస్టూ అలాంటి కుక్కలకే క్లోమం నుంచి తీసిన సారం ఎక్కించి నిలబెట్టారట. ఆ మరుసటి జనవరిలోగానీ మొదటి మనిషికి ఆ సూది పడలేదట. ఇలా అడిగినదానికల్లా చరిత్ర చెప్పే డాక్టర్ని వెంటనే మార్చేయండి.

సిరంజీల దగ్గర వీళ్ల చాదస్తం మరీ ఎక్కువ. మన మందుల షాపుల్లో దొరికే ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, పెన్నులో వేసే కార్ట్రిడ్జిలు 100 యూనిట్లవి. 40కి ఎర్రమూత సిరంజీ, 100కి నారింజ మూత సిరంజీ వాడాలట. మందు లోపలికి వెళ్లాలిగానీ మూత రంగుతో పనేమిటి? చేతికి ఏది దొరికితే అది వాడండి. ఎర్రమూత దాంట్లో 100 మందు 8 గీతల దాకా లాగితే లోపలికి 20 యూనిట్లు పోతాయట. కొసరు వద్దనేవాళ్లుంటారా? తిరగేసి వాడితే 8కి మూడు చిల్లర మాత్రమే పోతాయి. ఓ రోజు అలా, ఓ రోజు ఇలా వాడితే లెక్క సరిపోదూ!

ఆ ఇంటి అమ్మాయి రోజీకి సూది వేస్తుంటే దగ్గరుండి చూశాను. గిన్నెలో అన్నం పెట్టింది, భుజాల మీద వదులు చర్మాన్ని రెండు వేళ్లతో పైకెత్తింది, వెంట్రుకంత సన్నం సూది ఆ సందులో దించి తీసేసింది. రోజీ గిన్నెలోంచి తలెత్తలేదు, తోక ఆపలేదు. నాకు అనుమానమొచ్చింది. ఏడవకపోతే మందు పడినట్టెలా?

“అమ్మాయ్, పొద్దున్న ఏడింటికి వేసినదాన్ని మళ్లీ సాయంత్రం ఏడింటికే వెయ్యాలా? సీరియల్ అయ్యాక వేస్తే కొంప మునుగుతుందా?” అన్నాను.

“పన్నెండు గంటలు తేడా ఉండాలి, బాబాయ్‌గారూ. తినడం మొదలుపెట్టాకే వెయ్యాలి. తినకపోయినా, కక్కుకున్నా డాక్టరుకి ఫోన్ చేసి అడిగాకే,” అంది.

వంటింటి క్యాలెండర్లో పాల లెక్క పక్కన సూదికో టిక్కు పెడుతోంది. ఇదొక వృథా శ్రమ. మీవారు వేశారో లేదో గుర్తులేకపోతే మీరూ ఓసారి పొడిచేయండి, ఇద్దరి ప్రేమా దక్కుతుంది. అలాంటి అనుమానమొస్తే ఆ పూటకి మానేయాలి తప్ప రెండోది వెయ్యకూడదని డాక్టరంటాడు. ఒక పూట షుగరు పెరిగితే సర్దుకుంటుందట, మరీ పడిపోతే గంటల్లో ప్రాణం మీదికొస్తుందట. అంచేత సూదేశాక కుక్క తూలినా, వణికినా, గోడకేసి పిచ్చిచూపులు చూసినా, నవ్వొచ్చేలా ఉంటుంది కాబట్టి ముందు ఫోన్లో వీడియో తీసుకోండి. చిగుళ్లకి తేనె రాసి ఆసుపత్రికి పరిగెత్తేవాళ్లకి హాస్యప్రియత్వం లేదు.

సీసాని చల్లగా ఉంచమన్నారు కదా, డీప్‌ఫ్రీజర్లో రొయ్యల పక్కన పడేయండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగించినా పనికిరాదట. పోన్లెండి, మే నెల బెజవాడలో కారు డ్యాష్‌బోర్డు మీదైతే గడ్డకట్టే భయమే లేదు.

తిండి దగ్గర మాత్రం నేను రాజీపడను. రోజూ అదే తిండి, అదే కొలత, అదే వేళ అంటే జైలు కాదూ? నాయనమ్మ మారీ బిస్కెట్టు, పనమ్మాయి పెరుగన్నం, వాచ్‌మన్ బన్నుముక్క. ఎవరిది వాళ్లు చాటుగా పెట్టుకోవాలి, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకూడదు. మా ఇంట్లో నాకు జరిగే ఏర్పాటు ఇదే. మరీ మనసొప్పకపోతే షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్ పెట్టండి. అందులో జైలిటాల్ ఉంటే, నిక్షేపంలాంటి కుక్కకి కూడా షుగరు ధబీమని పడిపోయి కాలేయం దెబ్బతింటుందట. పడిపోవడమేగా మనక్కావలసింది!

ఆడకుక్కకి అండాశయాలు, గర్భసంచి తీయించమని కూడా అంటారు. ఎద తర్వాతి హార్మోన్లు ఇన్సులిన్‌ని పనిచెయ్యనివ్వవట. ఒక్క ఈతైనా కాకుండా ఎలాగండీ? కుక్కకీ ముచ్చట్లుంటాయి.

షుగరొచ్చిన కుక్కల్లో చాలావాటికి ఏడాది, ఏడాదిన్నరలో కళ్లకి శుక్లాలు కమ్ముతాయి. అప్పుడది గోడలూ సోఫా కాళ్లూ మనసులో కొలతేసుకుని తిరుగుతుంది. సరిగ్గా అప్పుడే వాస్తు చూపించండి. సోఫా నైరుతికి, ఫ్రిజ్జు ఆగ్నేయానికి, నీళ్ల గిన్నె ఈశాన్యానికి. నచ్చకపోతే వచ్చే ఆదివారం మళ్లీ మార్చండి.

పరీక్షల సంగతి. నేను రక్తపరీక్షకి రెండ్రోజుల ముందు నుంచీ బుద్ధిమంతుడినైపోతాను. రోజీకీ అదే చెప్పాను: ముందు రెండ్రోజులు టైముకి సూది, కొలిచిన తిండి, ఆ తర్వాత మన ఇష్టం. కానీ కుక్కలకి ఫ్రక్టోసమైన్ అని ఒక పరీక్షుందట. గడిచిన రెండు మూడు వారాల బండారమంతా ఒక్క రక్తపుచుక్కలో బయటపెట్టేస్తుందట. మారీ బిస్కెట్లతో సహా! డాక్టరు ఆ పరీక్ష రాస్తే చీటీ మడిచి స్కూటర్ డిక్కీలో పడేయండి. నాకు రాసిన మూడు నెలల షుగరు పరీక్ష చీటీ కూడా అందులోనే ఉంది.