దయ ధరల పట్టిక

నోరులేని జీవిని కొట్టినా, తన్నినా, మోయలేని బరువు మోపినా, తిండీ నీళ్లూ లేకుండా కట్టేసినా మన దేశంలో మొదటి తప్పుకి జరిమానా కనీసం 10 రూపాయలు, గరిష్ఠం 50. జంతుహింస నివారణ చట్టం, 1960, సెక్షన్ 11. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే 25 నుంచి 100 దాకా, లేదా మూడు నెలలకి మించని జైలు, లేదా రెండూ. చంపినా, అవిటిదాన్ని చేసినా వేరే సెక్షన్లున్నాయి లెండి. నేను చెప్పేది రోజువారీ చిల్లర క్రూరత్వం సంగతి. హైదరాబాదులో 10 రూపాయలకి ఇరానీ చాయ్ కూడా రాదు. నో పార్కింగులో బండి పెడితే వచ్చే చలానా ఇంతకి ఎన్నో రెట్లు. కాబట్టి కుక్కని తన్నాలని ముచ్చటపడేవాళ్లు ముందు బండి సరైన చోట పెట్టుకుని, ఆ తర్వాత దిగి తన్నడం లాభసాటి.

ఈ చట్టం వెనక ఉన్న మనిషి కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్. రాజ్యసభలో ఆవిడ సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాటిచ్చాక వెనక్కి తీసుకున్నారు. 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడితే తొలి అధ్యక్షురాలు ఆవిడే. పాపం, 50 రూపాయలకి విలువున్న రోజులవి. ఈ జరిమానాలు పెంచుదామని 2022 నవంబరులో ఒక ముసాయిదా బయటికొచ్చింది. దాన్ని మాత్రం ఎవరూ కొట్టలేదు, తన్నలేదు, కనీసం కదిలించనైనా లేదు. హాయిగా పడుకుంది.

అయినా జరిమానాకి భయపడి దయ చూపించే జాతా మనది? సాటి జీవుల మీద కరుణ చూపడం పౌరుడి ప్రాథమిక విధి అని 1976లోనే రాజ్యాంగంలో రాసుకున్నాం. చూపిస్తూనే ఉన్నాం కూడా. కాకపోతే ఖర్చు తగలకూడదు, ఒళ్లు కదలకూడదు.

రాత్రి భోజనాలయ్యాక గిన్నెలో మిగిలిన సాంబారన్నం సంగతే తీసుకోండి. పారేయడానికి మనసొప్పదు, అన్నం పరబ్రహ్మ స్వరూపం. ఫ్రిజ్‌లో పెడదామంటే మొన్నటి పరబ్రహ్మ ఇంకా అందులోనే ఉన్నాడు. అందుకని ఓ పాలిథిన్ కవర్లో వేసి, కారిపోకుండా మెడ బిగించి, ముడి మీద ముడి వేసి, వీధి మలుపులో ఆవు కోసం పెట్టి వస్తాం. పుణ్యానికి పుణ్యం, గిన్నె ఖాళీకి గిన్నె ఖాళీ. ఆవు వస్తుంది. వాసన చూస్తుంది. ముడి విప్పుకోవడానికి దానికి వేళ్లు లేవు. చింపుకుందామా అంటే, పశువులకి పైదవడన ముందుపళ్లే ఉండవు. మూతితో అటూ ఇటూ దొర్లిస్తుంది, నాలుక చుట్టి లాగుతుంది. సాంబారు వాసన లోపల్నించి ఊరిస్తూనే ఉంటుంది. చివరికి కవరుతో సహా మింగేస్తుంది. ముందు గబగబా మింగేసి, తర్వాత తీరిగ్గా నెమరు వేసుకోవడం దాని పద్ధతి. అన్నం అరుగుతుంది, కవరు అరగదు. ఏళ్ల తరబడి మొదటి పొట్టలో పేరుకుని ఉండ కడుతుంది. మేతకి చోటుండదు గానీ పొట్ట మాత్రం నిండుగా కనిపిస్తుంది. అది చూసి మనం "మన వీధి ఆవు ఎంత పుష్టిగా ఉందో!" అని దిష్టి కూడా పెడతాం.

పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వాళ్లు ఇలాంటి ఆవులకి ఆపరేషన్లు చేసి పొట్టల్లోంచి పదుల కిలోల ప్లాస్టిక్కు తీశారు. ఇది ఆపరేషన్లతో తెమిలేది కాదని 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆ బయటపడ్డ గుట్టల్లో ఎన్ని కవర్లకి ముళ్లు ఇంకా అలాగే ఉన్నాయో! ఒక్కో ముడి వెనకా ఒక్కో దయామయుడు.

ఆవు మీద మన ప్రేమకి పరాకాష్ఠ 2023లో చూశాం. ఫిబ్రవరి 14న అందరూ ఆవుని కౌగిలించుకోండి, సంతోషం పెరుగుతుంది అని సాక్షాత్తూ జంతు సంక్షేమ బోర్డే విజ్ఞప్తి చేసింది. దేశమంతా పగలబడి నవ్వాక నాలుగు రోజుల్లో ఉపసంహరించుకుంది. రద్దయినందుకు ఆవుల తరఫున నేను సంతోషించాను. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి మెడ చుట్టూ చేతులు వేస్తే కొమ్ము విసరకుండా నిలబడటం ఆవుకి ప్రాథమిక విధి కాదు కదా. అదే బోర్డు ఆ రోజుని కవరు ముడి విప్పే రోజుగా ప్రకటించి ఉంటే ఎవరూ నవ్వేవాళ్లు కాదు. ఎవరూ విప్పేవాళ్లూ కాదనుకోండి, అది వేరే సంగతి.

ఖర్చుకి వెనకాడని దయ చూడాలంటే గోదావరి జిల్లాలకి వెళ్లాలి. అక్కడ పందెం పుంజుకి జరిగే మర్యాద సంక్రాంతికొచ్చే కొత్తల్లుడికి కూడా జరగదు. బాదంపప్పు, జీడిపప్పు, ఉడకబెట్టిన గుడ్డు, మటన్ కైమా. పొద్దున్నే చెరువులో ఈత, తర్వాత వేడినీళ్ల కాపడం, ఒళ్లు పట్టడం. ఈకల రంగుని బట్టి డేగ, కాకి, నెమలి, పర్ల అని పేర్లు. ఏ వేళప్పుడు ఏ రంగు పుంజుని దించితే గెలుపో చెప్పడానికి ఏకంగా కుక్కుట శాస్త్రం. ఇన్ని నెలలు ఇంత చేసి, భోగి నాడు కాలికి కత్తి కట్టి ఇంకో పుంజు మీదకి వదులుతారు. ఓడి చచ్చిన పుంజుని కోస అంటారు. దానికి మళ్లీ గిరాకీ, వేలల్లో పలుకుతుంది. బాదంపప్పు తిన్న పుంజు కూర రుచే వేరట. ఆ బాదంపప్పు ఎవరి కోసం పెట్టారో పుంజుకి చివరిదాకా తెలియదు.

"ప్రాణంగా పెంచుకున్నామండీ" అంటారు యజమానులు. అబద్ధమేం లేదు. పెంపకం వీళ్లది, ప్రాణం దానిది.

కోడిపందేలని కట్టడి చేయమని 2016లోనే ఉమ్మడి హైకోర్టు ఆదేశించింది. ఏటా పండక్కి ముందు పోలీసు వారి హెచ్చరిక వస్తుంది, పండగ మూడు రోజులూ బరులు కళకళలాడతాయి, కనుమ దాటాక మళ్లీ చట్టం తన పని తాను చేసుకుపోతుంది. జంతువులని పోట్లాటకి ఉసిగొల్పడం కూడా ఆ సెక్షన్ 11 జాబితాలోదే. లక్షలు చేతులు మారే బరి దగ్గర మొదటి తప్పుకి 10 రూపాయలు! మళ్లీ నో పార్కింగు చలానా దగ్గరికే వచ్చాం.

న్యాయంగా చెప్పాలంటే మన నిబంధనల్లో బంగారంలాంటివీ ఉన్నాయి. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండెద్దుని పనిలో పెట్టకూడదు. రోజుకి 9 గంటలకి మించి, ఏకబిగిన 5 గంటలకి మించి పని చేయించకూడదు. 1965లో రాశారు. మే నెలలో విజయవాడలో మిట్టమధ్యాహ్నం బిర్యానీ పొట్లం పట్టుకుని తిరిగే కుర్రాడి కంట ఈ రూలు పడితే, తనని ఎద్దుగా నమోదు చేసుకోమని దరఖాస్తు పెట్టుకుంటాడు.

గచ్చిబౌలి ఇరవయ్యో అంతస్తులో ఏసీ కింద రొప్పుతున్న హస్కీల గురించి ఎక్కువ రాయను. సైబీరియా మంచులో బళ్లు లాగిన జాతికి మన రోహిణీ కార్తెలో పుట్టినరోజు కేకు కోయడం కూడా ప్రేమేనని వాటి తల్లిదండ్రులు వాదిస్తారు.

ఇక వీధికుక్కలు. ఇక్కడ తెలుగువాడు రెండుగా చీలిపోయాడు. ప్రతి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులోనూ ఇదే సంభాషణ.

"మేడమ్, మీరు అన్నం పెడుతుంటేనే ఈ కుక్కలన్నీ మన గేటు దగ్గర చేరుతున్నాయి."

"ఆకలేస్తే ఎక్కడికి పోతాయి సెక్రటరీ గారూ? పోనీ పక్క అపార్టుమెంటు గేటు దగ్గర పెట్టమంటారా?"

"అలా చేయండమ్మా, మీకు పుణ్యముంటుంది."

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంటే సెక్రటరీ గారు గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టారు. అదే నెల 22న, ఆపరేషన్ చేసి టీకా వేసి ఎక్కడివి అక్కడే వదలండి, రేబిస్ ఉన్నవాటినీ కరిచే స్వభావం ఉన్నవాటినీ మాత్రం వదలొద్దు, తిండి పెట్టడానికి విడిగా చోటు చూపించండి అని మార్చితే, ఈసారి మేడమ్ గారు చప్పట్ల బొమ్మలు పెట్టారు. రెండు తీర్పులూ పూర్తిగా చదివినవాళ్లు గ్రూపులో ఉన్నట్టు నాకు ఆధారాలు దొరకలేదు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ని వీధికుక్కలు చంపేశాయి. ఇక్కడ నాకు వ్యంగ్యం రాదు. ఆ సంగతి ఎత్తగానే కుక్కల్ని ప్రేమించేవాళ్లు మాట మారుస్తారు, ద్వేషించేవాళ్లు కర్ర వెతుక్కుంటారు. ఇద్దరూ కలిసి బద్ధకించే పని ఒకటుంది. మున్సిపాలిటీ వాళ్ల వెంటపడి వీధిలో ఉన్న కుక్కలన్నిటికీ కుటుంబ నియంత్రణ ఆపరేషను, రేబిస్ టీకా చేయించడం. దానికి నాలుగు ఫోన్లు చేయాలి, కుక్కల బండి వచ్చినప్పుడు ఇంట్లో ఉండాలి, తర్వాత తిరిగి తెచ్చి వదిలారో లేదో కనుక్కోవాలి. బిస్కెట్ ప్యాకెట్టయితే 10 రూపాయలు. మన చట్టమూ అక్కడే మొదలవుతుంది, మన కరుణా అక్కడే ఆగిపోతుంది.

ఆపరేషన్ చేసి వదిలిన కుక్కకి గుర్తుగా చెవి అంచున చిన్న గాటు పెడతారు. రేపు పొద్దున బిస్కెట్టు వేసేవాళ్లు వేస్తూ, కర్ర ఝళిపించేవాళ్లు ఝళిపిస్తూ, ఒక్కసారి ఆ చెవి చూడండి. గాటు లేకపోతే మున్సిపల్ ఆఫీసుకి ఫోన్ చేయండి. పశువైద్య విభాగం కావాలని అడగండి. మొదటిసారి ఎత్తరు, మళ్లీ చేయండి.