దొంగలు లేని దేశమున ఆత్మరక్షణము

భయపడుట కూడ నేర్చుకొనవలసిన విద్యయే. రైలెక్కగానే పెట్టెకు గొలుసు వేయుమనియు, బస్సెక్కగానే పర్సును ముందుజేబులోనికి మార్చుమనియు, పక్కసీటువాడు బిస్కత్తు పెట్టిన తినవలదనియు, ఊరు వెడలుచున్నామని నలుగురిలో చాటవలదనియు ఇంటిపెద్దలు చెవిలో ఇల్లు కట్టుకొని బోధింపగా బోధింపగా, ఆపద యనునది ఎల్లప్పుడును రెండు కాళ్ళమీదనే నడచివచ్చునను సిద్ధాంతము మన తెలుగు యాత్రికునకు అస్థిగతమై యున్నది. అట్టి సుశిక్షితుడు వీసా నియమము ననుసరించి 30,000 యూరోలకు వైద్యబీమా గైకొని, పాస్‌పోర్టు జిరాక్సులను మూడు పెట్టెలలో మూడుగా దాచి, చొక్కాక్రింద రహస్యపు సంచి బిగించి, ఐస్‌లాండు రాజధానియగు రేక్యావిక్ నగరమున కాలు మోపినాడనుకొనుడు. పాపము, అంతటి యుద్ధసన్నాహముతో వెడలినవానికి అచ్చట శత్రువే కనబడడు.

కనబడుటకు ఉండవలెను గదా! నాలుగు లక్షలైనను నిండని జనసంఖ్యగల ఆ ద్వీపము ప్రపంచ శాంతిసూచికలో 2008 మొదలుకొని ప్రథమస్థానమును ఎవరికిని విడువక కూర్చున్నది. గస్తీ తిరుగు పోలీసువాని నడుమున తుపాకి యుండదు. 2013లో పోలీసు కాల్పులలో ఒక వ్యక్తి మరణింపగా, ఆ రిపబ్లికు చరిత్రలో అట్టిది జరుగుట అదియే తొలిసారి యగుటచే దేశమంతయు నివ్వెరపోయినది; పోలీసుశాఖ మృతుని కుటుంబమునకు విచారము తెలుపుకొన్నది. తల్లులు కాఫీహోటలులో కూర్చుండి కబుర్లాడుచుందురు. చంటిబిడ్డలు వెలుపల వీథిప్రక్క తోపుడుబండ్లలో దుప్పట్లు కప్పుకొని చలిగాలిలో హాయిగా నిద్రించుచుందురు. మనవాడు ఆ బండిని చూచి, గుండె ఝల్లుమనగా, అటు నాలుగడుగులును ఇటు నాలుగడుగులును వేసి, "అయ్యో, ఎవరి బిడ్డ యిది?" అని వెదకనారంభించును. ఆ క్షణమున ఆ వీథిలో అనుమానింపదగిన మనుష్యుడెవడేని యున్నచో, బిడ్డచుట్టు ప్రదక్షిణము చేయుచున్న ఈతడొక్కడే. ఇటీవల జనసమ్మర్దముగల దర్శనీయస్థలములలో జేబుదొంగలున్నారను హెచ్చరికలు వెలసిన మాట నిజమే. కాని ఆ వృత్తినిపుణులు యాత్రికులున్నచోటికి వచ్చుదురే గాని గొఱ్ఱెలున్నచోటికి రారు.

దోపిడి యనునది బొత్తిగా లేదని నే ననను. కలదు, కాని రసీదు ఇచ్చి చేయుదురు. గిన్నెడు సూపు ఖరీదును మనసులోనే రూపాయలుగా మార్చుకొను దురభ్యాసముగలవానికి ఆ సూపు త్రాగకముందే ఆకలి చచ్చును. ఇక కారు అద్దెకిచ్చు బల్లయొద్దకు పోయినచో, అచ్చటి కుఱ్ఱవాడు కంకరదెబ్బలకు వేఱు బీమాయనియు, ఇసుకకును అగ్నిపర్వతపు బూడిదకును కలిపి మఱొక బీమాయనియు వినయముగా విన్నవించును. మనవాని ముఖము వికసించును. ఇన్నాళ్ళకు దొంగ దొరికినాడు! "బూడిదకు బీమా యేమి నాయనా? మమ్మెవరనుకొంటివి?" అని చిఱునవ్వు నవ్వి, అన్నిటిని నిరాకరించి, తాళపుచెవులు గైకొని, చెప్పరాని విజయగర్వముతో వెడలును. చివరగా ఆ కుఱ్ఱవాడు పైకమడుగకయే చెప్పిన మాటయొకటి, కారును గాలికి ఎదురుగా నిలిపి తలుపును రెండుచేతులతో పట్టి తెఱువుమనునది, ఉచితమైన దగుటచే ఆతని చెవి కెక్కదు.

తరువాతి దృశ్యము ఏదో యొక జలపాతము చెంత జరుగును. మనవాడు గాలివైపునకు వీపు పెట్టి కారు నిలిపి, ఒక చేత సెల్‌ఫోను పట్టుకొని, రెండవచేత తలుపు గొళ్ళెమును సుతారముగా లాగును. అంతట గాలి తక్కిన పనిని తన మీద వేసికొనును. తలుపు ఆతని చేతినుండి జారి, కీళ్ళు కీచుమనగా ముందునకు మడతపడి, కారు బుగ్గను గ్రుద్ది, మరల మూయబడనని మొరాయించి నిలుచును. గాలిచే విఱిగిన తలుపును సామాన్యపు బీమా పట్టించుకొనదని కాగితమునందు చిన్న అక్షరములలో వ్రాసియే యుండును. రూపాయి జేబులోనుండి పోకుండ సంచికి మూడు జిప్పులు పెట్టినవానికి తలుపుగుండ లక్షలు పోవు మార్గమొకటి కలదని ఎవరు చెప్పవలెను? చెప్పినవానినే కదా దొంగ యనుకొన్నాడు!

ఆ దేశపు దక్షిణతీరమున వీక్ అను పల్లెకు సమీపముగా రేనిస్‌ఫ్యారా యను సముద్రపుటొడ్డు కలదు. నల్లని ఇసుక, పేర్చిపెట్టినట్లున్న బసాల్టు శిలాస్తంభములు, నీటినుండి నిక్కిచూచు కొండశిఖరములు. ఇంతటి సౌందర్యమున్నచోట ఎవడును నోటీసుబోర్డు చదువడు. అట్లాంటిక్ మహాసముద్రమున ఎంతోదూరము అడ్డులేక పయనించివచ్చిన కెరటము, ఒడ్డుచెంత సముద్రగర్భము నిట్టనిలువుగా పల్లమగుటచే తన బలమేమియు కోల్పోకయే మీదికి దూకును. పది కెరటములు పాదములయెదుటనే మర్యాదగా వెనుదిరుగగా, పదునొకండవది చెప్పకుండ వచ్చి మనుష్యుని నడుమువఱకు పట్టి, కాళ్ళక్రింది ఇసుకతో సహా లాగుకొనిపోవును. అందుచే 2022లో అచ్చట హెచ్చరికదీపములు గూడ నెలకొల్పినారు. సముద్రమునకు వీపు త్రిప్పవలదని బోర్డు ఘోషించుచునేయుండును. మనవాడా బోర్డు ప్రక్కనే నిలిచి, ప్రక్కవాడెవడేని లాగుకొనిపోవునేమోయని సంచిని ఎదకు గట్టిగా హత్తుకొని, సముద్రమునకు చక్కగా వీపు చూపి సెల్ఫీ తీసికొనును. ఆ చిత్రమున బోర్డు గూడ స్పష్టముగా పడును. ఆ నీటిలో ప్రాణములు కోల్పోయిన యాత్రికులు కలరు గనుక ఇచ్చట ఇంతకుమించి హాస్యమాడ మనసొప్పదు. వారి సంచులు దొంగిలించినవా డొక్కడును లేడని మాత్రము చెప్పి ముందునకు సాగుదును.

ఇంతకు చోద్యమేమనగా, నేరములు లేని ఆ దేశమున మిగిలిన కొద్దిపాటి నేరములు చేయుటకు యాత్రికుడే నడుము కట్టుచున్నాడు. బాటవిడిచి కారును పచ్చని నాచుమీదికి నడుపుట అచ్చట శిక్షార్హమైన అపరాధము. చక్రము క్షణములో చేసిన గాయము మానుటకు నాచునకు దశాబ్దములు పట్టును. ఏమి జరుగునని అడిగినచో "ఒక్క ఫోటోకే కదండీ!" యని సమాధానము. లోపలి ఎత్తైన ప్రదేశముల 'ఎఫ్' మార్గములలో వంతెనలు లేని యేళ్ళు దాటవలసివచ్చును. హిమానీనదముల నీరు ప్రొద్దెక్కినకొలది మంచు కరగి పెరుగును గావున ఉదయముననే దాటుట మంచిదని స్థానికులందురు. మన వీరుడు పలహారము ముగించి, నిద్ర తీర్చి, అపరాహ్ణమున ఏటిలో దిగి, నడుమ ఇంజను ఆరిపోగా కారుకప్పుమీద కూర్చుండి తపస్సు చేయుచుండును. స్ట్రోక్కుర్ వేడినీటిబుగ్గ కొన్ని నిమిషముల కొకసారి ఆకాశమున కెగయుచుండగా, దాని చుట్టు కట్టిన త్రాటిని దాటి వ్రేలు ముంచి చూచువారును కలరు. 2019లో యోకుల్‌సార్లోన్ సమీపపు తీరమున సింహాసనమువలె నున్న మంచుగడ్డమీద ఒక వృద్ధయాత్రికురాలు ఆసీనయై ఫోటో దిగుచుండగా, కెరటమొకటి వచ్చి సింహాసనసహితముగా ఆమెను సముద్రవిహారమునకు గొనిపోయినది. భాగ్యవశమున చెంతనున్న నావికుడొకడు గట్టు చేర్చినాడు. పట్టాభిషేకముతోడనే దేశబహిష్కారము జరిగిన రాణులు చరిత్రలో అరుదు.

దారి తప్పుటయందును వీరు అసాధ్యులు. 2016లో ఒక అమెరికను పెద్దమనిషి విమానాశ్రయమున కారు అద్దెకు గైకొని, హోటలు వీథిపేరులో ఒక్క అక్షరము అధికముగా పడిన చిరునామాను యంత్రమున కిచ్చి, ముప్పావుగంటలో చేరవలసిన రేక్యావిక్‌ను విడిచి, ఐదారు గంటలు మంచులో నడిపి ఉత్తరతీరమునందలి సిగ్లుఫ్యోర్దుర్ చేరినాడు. ఇంత దూరమేలయని శంకింపక యంత్రమును నమ్మినవానిని ఆ యూరివారు ప్రేమతో ఆదరించినారు. 2012లో జరిగినది ఇంతకంటె వేదాంతపరమైనది. ఎల్డ్‌గ్యా లోయచెంత బస్సు దిగిన ఒక యాత్రికురాలు బట్టలు మార్చుకొని తిరిగి ఎక్కగా, మునుపటి దుస్తులలోని స్త్రీ తప్పిపోయినదని ప్రకటింపబడెను. ప్రకటించిన ఆనవాళ్ళు తనవేయని తెలియక ఆమెయు వెదకువారిలో చేరి, రాత్రి చాలభాగము తన్ను తాను వెదకికొనెను. "నేనెవడను" అను ప్రశ్నకై మన ఋషులు హిమాలయముల కేగిరి. ఆమెకు టూరిస్టు బస్సు చాలినది.

ఇట్టివారిని వెదకునది యెవరు? గాలింపు, రక్షణ దళములవారు. వారు జీతగాండ్రు కారు. పగలు బడిపంతుళ్ళుగను వడ్రంగులుగను బ్రదుకుచు, 112 అంకెకు మొర వినబడగానే అర్ధరాత్రి లేచి, మంచుతుపానులో బయలుదేరు స్వచ్ఛందసేవకులు. సాధారణముగా రక్షించినందుకు కాసు పుచ్చుకొనరు. వారి వ్యయమునందు పెద్దపాలు సంవత్సరాంతమున టపాకాయలు అమ్మి సంపాదించినదే. అనగా ఆ ప్రజలు డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆకాశమున కాల్చు బాణసంచా, రాబోవు వేసవిలో మనవాడు చేయబోవు ఘనకార్యములకు ముందుగా చెల్లించు చందా యన్నమాట.

కావున ఐస్‌లాండు వెడలువారికి నా మనవి యేమనగా, తాళములను ఇంటనే విడువుడు, వాని యవసరము ఇచ్చటనే కలదు. వాతావరణశాఖవారు పసుపు, నారింజ, ఎఱుపు రంగులలో ప్రకటించు హెచ్చరికలను రాశిఫలములు చదువునంత శ్రద్ధతో చదువుడు. కొండదారి పట్టకముందు మీ మార్గమును ఎవరికేని తెలిపిపొండు. జేబుదొంగయెడల మీకు గల భయభక్తులలో సగము ఎఱ్ఱదీపమునకును సమర్పింపుడు. అంతటి వినయము మీ సామానులో పట్టదందురా, పరవాలేదు. నూతన సంవత్సరమునకు ముందే వెడలి, దళమువారి దుకాణమున టపాకాయల పొట్లములు రెండు అధికముగా కొనుడు. మిమ్ము వెదకుటకు రాబోవు బండికి పెట్రోలైనను మీ సొమ్ముతో పోసినవారగుదురు.