తమ్మీ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “మంచి కెమెరా తీస్కో తమ్మీ, ఫొటోలు అవే వస్తయ్.”

అవతారిక. కొత్తగా డిజిటల్ కెమెరా కొనదలచినవాడు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతూ ఆ సంగతి పైకి అన్నప్పుడు ఈ సూత్రం వెలువడుతుంది. కర్త ఫలానా అని తేల్చలేము. ప్రతి చుట్టరికంలోనూ ఒక ద్రష్ట ఉంటాడు. మెడలో కెమెరా, కెమెరాకు లెన్సు, లెన్సు మీద ఎండను అడ్డుకోవలసిన హుడ్డు వెనక్కి తిరగేసి బిగించి, మిట్టమధ్యాహ్నపు పెండ్లిలో కూడా అలాగే తిరగడం ఆయన లక్షణం. అక్షరాలు తక్కువ, సందేహానికి తావు లేదు, కనుక ఇది సూత్రమే. సారం ఉందా అన్నది విచారణీయం.

ప్రతిపదార్థం. తమ్మీ: స్పష్టం. తీస్కో: కొనుక్కో అని, సొమ్ము తమ్మిది, సలహా అన్నది, ఇదీ స్పష్టమే. కెమెరా: లోకప్రసిద్ధం. మంచి: ఇక్కడే వ్యాఖ్యాతలు చీలారు.

మెగాపిక్సెళ్లు ఎన్ని ఎక్కువైతే అంత మంచిదని ఒక మతం. డబ్బా మీద అంకె పెద్దదిగా అచ్చువేసే దుకాణ సంప్రదాయం దీనికి ఆధారం. 1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ తయారు చేసిన మొదటి డిజిటల్ కెమెరాలో బొమ్మ నిలువు వంద, అడ్డం వంద చుక్కలే, అంటే 0.01 మెగాపిక్సెల్. ఆ ఒక్క బొమ్మ క్యాసెట్టు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అక్కడి నుంచి అంకె పెరగడం నిజమైన ప్రగతే, ఒక హద్దు దాకా. ఏ4 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల చొప్పున శుభ్రంగా అచ్చు కావడానికి 2480×3508, అంటే సుమారు 8.7 మెగాపిక్సెళ్లు చాలు. ఇప్పుడు దొరికే అతి మామూలు కెమెరాలోనూ 24 దాకా ఉంటాయి. మిగిలినవి వాట్సాప్‌లో పంపగానే నలిగిపోతాయి.

అసలు చూడవలసింది సెన్సర్ కొలత. చిన్న జేబు కెమెరాల సెన్సర్ దాదాపు 6×4.5 మిల్లీమీటర్లు, లెన్సులు మార్చుకునే మామూలు ఏపీఎస్-సీ కెమెరాలో 23.5×15.6. వైశాల్యం పదమూడింతలు. పట్టే వెలుగు ఎక్కువ, చీకట్లో బొమ్మ మీద లేచే రవ్వ తక్కువ. ఈ మాట ద్రష్టలెవరూ చెప్పరు, డబ్బా మీద ఉండదు గనుక.

కానన్ గొప్పదా నైకాన్ గొప్పదా అన్నది శాఖాభేదం. సోనీ వచ్చాక లోపల అద్దం ఉండాలా వద్దా అన్న తగవు కూడా కలిసింది. ఇందులో ఎవరు గెలిచినా తమ్మి ఫొటోలో మార్పు ఉండదు. చేతిలో పట్టుకుంటే వేలు మీటకు అందుతున్నదా, మెడ లాగకుండా పూట తిరగగలడా అన్నవి చూసుకుంటే చాలు. ఏం ఫొటోలు తీస్తావని తమ్మిని ఏ శాఖవాడూ అడగడు. అడగవలసిన ప్రశ్న అదొక్కటే.

అవే: సూత్రానికి ప్రాణం ఈ పదం. ఎవరూ తీయకుండా, తమంతట తాము అని అర్థం. తెలుగునేల మీద స్వయంభూ లింగాలు చాలా ఉన్నాయి. స్వయంభూ ఫొటో ఇంకా వెలవలేదు. లింగం ప్రస్తావన వచ్చింది గనుక పానగల్లు సంగతి విచారించాలి.

నల్లగొండ పక్కనే పానగల్లు. అక్కడ ఉదయసముద్రం చెరువు, కందూరు చోడుల నాటి త్రికూటాలయం ఛాయా సోమేశ్వరం. మూడు గర్భాలయాల్లో ఒకదానిలో లింగం వెనక నిలువుగా స్తంభపు నీడ పడుతుంది. పొద్దున పోయి చూసినా, పొద్దు వాలేముందు చూసినా నీడ అక్కడే. దీనికి చెప్పే కారణం ఇది: ఎండ నేరుగా లోపలికి రాదు. బయట పడిన వెలుగు చెదిరి, స్తంభాల సందుల్లోంచి పక్కలకు వచ్చి గోడకు చేరుతుంది. ఆ వెలుగులకు అందని పట్టె నీడగా మిగులుతుంది. వెలుగు వచ్చే దారి రాతితో కట్టినది. సూర్యుడు జరిగినా దారి జరగదు, నీడా జరగదు. వెలుగు ఎటునుంచి వస్తున్నది, సూటిగా వస్తున్నదా చెదిరి వస్తున్నదా, దేనికి తగిలి ఆగుతున్నది: ఫొటోగ్రఫీలో సగం చదువు ఇదే. ఆ స్థపతి దీన్ని ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కిందటే రాతిలో పెట్టిపోయాడు.

వెలుగు కోసం కాచుకోవడం ఈ జిల్లాలకు మరో రకంగానూ సంబంధించిన విద్యే. పాలమూరుకు 1890లో ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్. గాజు పలకల కాలం అది. ముక్కాలిపీట మీద పెట్టె నిలిపి, నల్లగుడ్డ కింద తల దూర్చి, తలకిందులుగా కనబడే బొమ్మను సరిచూసుకుని పలక ఎక్కించాలి. ఒక్క పలక పాడైతే దాని ఖర్చు పోయినట్టే. కాబట్టి ముందు చూపు, తర్వాత మీట. కార్డులో వేల బొమ్మలు పట్టే కాలంలో ఈ వరుస తిరగబడింది.

ప్రకృతానికి వస్తే, మంచి కెమెరా కొన్న తమ్మి ఛాయా సోమేశ్వరం పోతాడు. కెమెరా ఆటో మోడ్‌లో ఉంటుంది. లోపల చీకటి, ఫ్లాష్ టక్కున తానే లేస్తుంది. ఒక్క మెరుపు. ఫొటోలో లింగం, పూలు, గోడమీది జిడ్డు అన్నీ పడతాయి. నీడ పడదు. సూర్యుడు జరపలేని నీడను ఫ్లాష్ రెప్పపాటులో తుడిచేస్తుంది. ‘అవే వస్తయ్’ అన్న మాటకు దక్కే ఫలం ఇదే.

ఫ్లాష్ ఆపి, వెలుగును పట్టే చురుకు, అంటే ఐఎస్ఓ, 1600కు పెంచి, కెమెరాతో వచ్చే కిట్ లెన్సును 18 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి, లెన్సు కన్ను, అంటే ఎపర్చర్, 3.5కు తెరిచి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి మెల్లగా మీట నొక్కితే నీడ వచ్చే వీలుంది. కెమెరా నెత్తిన ఉండే చిన్న ఫ్లాష్ బలం చెప్పే గైడ్ నంబరు 12 అయితే, ఐఎస్ఓ 100 దగ్గర, ఎపర్చర్ 4కు దాని పరిధి మూడు మీటర్లు. రాత్రిపూట నాగార్జునసాగర్ 26 గేట్ల మీద ఆ మెరుపులు కురిపించేవారు గుర్తుంచుకోవలసిన లెక్క ఇది.

శంక: ఆటో ఉండగా ఇంత శ్రమ ఎందుకు? సమాధానం: లోపలి మీటరు ఏ దృశ్యమైనా సగటున నడిమి బూడిదరంగే అనుకుంటుంది. కాయలు పగిలిన పత్తి చేను నింపి తీస్తే తెల్లదనం మాసిపోతుంది. నల్ల బర్రెను నింపి తీస్తే బూడిద బర్రె అవుతుంది. ప్లస్, మైనస్ గుర్తున్న మీటతో పత్తికి ఒక మెట్టు పెంచాలి, బర్రెకు ఒక మెట్టు తగ్గించాలి. మర్రిచెట్టు కింద మనుషులను నిలబెట్టి తీసేటప్పుడు ఊడల సందుల్లో తెల్లని ఆకాశం కనబడితే వాళ్ల మొహాలు నల్లబడతాయి; ఆకాశం వదిలేసి మొహం మీద మీటరు పెట్టాలి. ‘మాన్యువల్‌లో తియ్యనిది ఫొటోనే కాదు’ అని కసిరేవారి మాట పట్టించుకోనక్కర్లేదు. ఎపర్చర్ తాను ఎంచుకుని, షట్టరు వేగాన్ని కెమెరాకు వదిలేసే ‘A’ మోడ్ కొత్తవారికి చాలాకాలం సరిపోతుంది.

వస్తయ్: ఎక్కడికి అని చెప్పలేదు, అధ్యాహారం చేసుకోవాలి. కార్డులోకి వస్తాయి, అక్కడే ఉంటాయి. కార్డు ఒకనాడు పోతుంది. రెండోచోట దాచడం, బాగున్నవాటిని అచ్చు వేయించడం సూత్రంలో లేవు. కెమెరాను తోలు సంచిలో చుట్టి బీరువాలో పెడితే వానకాలం తేమకు లెన్సులో బూజు పడుతుంది. పెట్టే తావు గాలి చొరని డబ్బా అయి, అందులో సిలికా జెల్ పొట్లం ఉండాలి.

తాత్పర్యం. కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని నియమం పెట్టుకున్నాడు. కెమెరా సలహాలిచ్చేవారు అందులో సగం పాటించినా ఈ జిల్లాల్లో చాలా ఇండ్ల సొమ్ము మిగిలేది. కొత్తగా మొదలుపెట్టేవారికి ఒకరు వాడి అమ్మిన ఏపీఎస్-సీ కెమెరా, దానితో వచ్చే 18-55 లెన్సు, ఇంకో బ్యాటరీ, రెండు కార్డులు చాలు. ముక్కాలిపీట తర్వాత, పెద్ద లెన్సు ఆ పైన. మిగిలిన డబ్బులో పానగల్లు బస్సు ఛార్జీ పక్కన పెట్టుకుని, మొదటిసారి కెమెరా ఇంట్లో పెట్టి పోవాలి.