డ్రోహెడా చక్రపాణి

ప్రవాసాంధ్రులు పదిమంది చేరిన ప్రతి పట్టణమునందును కొందరు నియత పురుషులు ఉందురు. మంత్రములు కొంత తెలిసినందున వారాంతములలో పురోహితుడగు ఇంజనీరొకడు. స్వదేశమునకు వచ్చే యేడు వెళ్ళిపోదుమని ఏటేట చెప్పుచు ఇక్కడనే రెండవ యిల్లు కొనువాడొకడు. ఉగాది సభలో మైకు చేతికి చిక్కిన పిదప వదలనివాడు వేరొకడు. వీరిని లోకమెరుగును. లోకము ఇంకను సరిగా గుర్తింపని జాతి మరియొకటి కలదు. సమస్త చలనచిత్రములును అరచేతిలోని ఫోనునకు వచ్చి వ్రాలుచున్న ఈ దినములలో, అవే చిత్రములను డిస్కుల రూపమున రొక్కమిచ్చి కొని, అట్టలతోసహా అలమారులలో అకారాది క్రమమున పేర్చి, వానికి కావలియుండు మహానుభావుల జాతి అది. మిత్రులు అట్టివానికి పెట్టిన ముద్దుపేరు చక్రపాణి. ఆయన డల్లాసులోను ఉండును, మెల్బోర్నులోను ఉండును. నేను వర్ణింపబూనిన చక్రపాణి మాత్రము ఐర్లండు దేశమున, డబ్లినునకు ఉత్తరముగా సుమారు 50 కిలోమీటర్ల దూరమున, బోయిన్ నది యొడ్డున నున్న డ్రోహెడా పట్టణ నివాసి.

వృత్తిచే ఆయన సాఫ్టువేరు ఉద్యోగి. ఉదయము రైలులో డబ్లినునకు పోయి, సాయంకాలము అదే రైలులో తిరిగివచ్చును. పెట్టెలోని వారందరును ఫోనులలో సినిమాలు చూచుచుండగా ఆయన కన్నులు మూసికొని కూర్చుండును. అది నిద్ర కాదు, నిరసన. ఇంటికి వచ్చిన అతిథికి ఇతరులు తోటయో కొత్త వంటగదియో చూపుదురు. ఈయన కాఫీ చల్లారుచున్నను లెక్కింపక, "రండి, కలెక్షన్ చూద్దురుగాని" అని మేడపైకి తీసికొనిపోవును. ఐరిష్ ఇండ్లలో మంచము వేసినచో మనిషికి చోటుండని చిన్న గది యొకటి ఉండును. దానిని బాక్స్ రూము అందురు. ఆ గదియే ఆయన గర్భాలయము. ఐర్లండు గాలిలోని తేమ జగద్విదితము గదా! ఆ తేమను పీల్చు యంత్రము ఇంటిలో ఒక్కటే కలదు. అది అహోరాత్రములు డిస్కుల సేవలో నుండును. ఉతికిన బట్టలు మెట్ల కమ్మీపై వ్రేలాడుచు ఆరకుండును.

"ఏమండీ, ఆ మెషీను ఒక్క పూట కిందికి దింపండి. పిల్లాడి యూనిఫాం ఆరలేదు" అని ఇల్లాలు వేడును.

"యూనిఫాం తడిస్తే ఆరుతుంది. డిస్కు చెడితే ఆరుతుందా?" అని ఆయన సమాధానము.

డిస్కును పెట్టెనుండి తీయుటకు ఆయన యొద్ద ఒక విధానము కలదు; దానిని చూచినవాడు మరువజాలడు. ముందుగా చేతులు కడుగుకొని తడి లేకుండ తుడుచుకొనును. పెట్టె నడుమనున్న బుడిపెను బొటనవ్రేలితో మెల్లగా నొక్కి, డిస్కు తనంతట తాను టిక్కుమని లేచువరకు ఓర్చును. చూపుడువ్రేలు రంధ్రమునందును, బొటనవ్రేలు అంచునందును ఆనించి పైకెత్తి, దీపము క్రింద ఏటవాలుగా త్రిప్పి, ఆ సప్తవర్ణముల నడుమ ఎచ్చటనైన గీత కనబడునేమోయని ఊపిరి బిగబట్టి పరీక్షించును. 12 సెంటీమీటర్ల వెడల్పును, 1.2 మిల్లీమీటర్ల మందమును గల ఆ బిళ్ళపై ధూళి కనబడినచో కళ్ళజోడు గుడ్డతో నడిమినుండి అంచునకు తిన్నగా తుడుచునే కాని, గుండ్రముగా ఎన్నడును తుడువడు. అడ్డముగా పడిన గీతను యంత్రము సర్దుకొనగలదనియు, జాడ వెంబడి పడిన గీత యెదుట అది చేతులెత్తుననియు ఆయన బోధించును. ఈ బోధ యథార్థమే. కాని, ఇది వినుచున్న అతిథికి ఆఖరి బస్సు తప్పిపోవుటయు అంతే యథార్థము.

ఇక ఆయన భూగోళ శాస్త్రము వేరు. సినిమా కంపెనీలవారు డీవీడీల నిమిత్తము దేశములను ఆరు మండలములుగా పంచి, అమెరికాకు 1, ఐరోపాకు 2, భారతదేశమునకు 5 అను అంకెలు కట్టబెట్టిరి. బ్లూరే వచ్చిన పిదప అక్షరములకు దిగి అమెరికాకు ఎ, ఐరోపాకు బి, మనకు సి అనిరి. అన్ని డిస్కులకును ఈ కట్టుబాటు లేకపోయినను, ఉన్నవానివరకు, హైదరాబాదులో కొన్నది డ్రోహెడా యంత్రమునకు పరదేశి. న్యూజెర్సీ బావమరిది పంపినది ఈ రెండు దేశముల యంత్రములకును పరదేశి. అందుచే ఆయన యింట మూడు ప్లేయర్లును, మూడు రిమోట్లును కలవు. ఏది దేనికో ఆయన యొక్కడే యెరుగును. లాప్‌టాపులోని డ్రైవు మండలమును ఐదుసార్లకు మించి మార్చనీయదు. బావమరిది పార్సెలు వచ్చిన రాత్రి ఉత్సాహము పట్టలేక ఆ ఐదవ మార్పును కూడ ఆయన ఖర్చుచేసెను. నాటినుండి ఆ లాప్‌టాపు డ్రోహెడాలో కాపురముండు అమెరికా పౌరురాలు.

స్వదేశ ప్రయాణమునుండి తిరిగివచ్చునపుడు దంపతులమధ్య జరుగు యుద్ధము పెట్టెల బరువును గూర్చినది. కోఠి గుజరాతీ గల్లీలో తిరిగి తిరిగి మూటగట్టిన డిస్కులు ఒకవైపు. అత్తగారు నూనె కారకుండ నాలుగు కవర్లు చుట్టి యిచ్చిన ఆవకాయ మరియొకవైపు.

"ఆవకాయ తీసేసి ఈ ప్లాస్టిక్ పెట్టారేంటండీ?"

"ఆవకాయ డబ్లిన్ షాపుల్లో దొరుకుతుందే."

"ఆ సినిమా నా ఫోన్లో దొరుకుతుంది."

ఈ వాదమునకు విమానాశ్రయములోని తూకపు యంత్రమే తీర్పరి. మోజర్ బేర్ కంపెనీవారు వీసీడీని 28 రూపాయలకును, డీవీడీని 34 రూపాయలకును అమ్మిన 2007వ సంవత్సర ప్రాంతము ఆయన పాలిటికి కృతయుగము. ఆ కంపెనీయే 2018లో లిక్విడేషనుపాలగుట కలి ప్రవేశమునకు నిదర్శనము. ఐర్లండంతట సినిమాలను అద్దెకిచ్చిన ఎక్స్‌ట్రావిజన్ దుకాణములు 2016 జనవరిలో మూతపడినపుడు, ఆయన దుఃఖించుచునే రెండు సంచులనిండ తగ్గింపు ధరకు కొని తెచ్చెను. నెట్‌ఫ్లిక్సు పేరెత్తినచో ఆయన కనుబొమలు ముడివడును: ఆ సంస్థ 1998లో డీవీడీలను తపాలాలో పంపి బ్రతుకు మొదలిడి, 2023 సెప్టెంబరు 29న ఆ పని మానుకొనుట తల్లిపాలు మరచుటయేయని ఆయన తీర్పు. ఊరివారు వదిలించుకొన్న డిస్కులను ఛారిటీ షాపులలో వెదకుటకు శనివారములు వెస్ట్ స్ట్రీటునకు పోవును. ఒకనాడు ఇల్లాలు అక్కడనే నిలదీయగా, ఎదుటనున్న సెయింట్ పీటర్స్ చర్చిని చూపెను. 1681లో లండనులో మరణదండన పొందిన ఆర్మా ఆర్చిబిషప్ ఆలివర్ ప్లంకెట్ శిరస్సును ఆ చర్చిలో మందసమునందుంచి నేటికిని భక్తితో కాపాడుచున్నారు. "దాచుకోవడం విలువ తెలిసిన ఊరే ఇది! మనమే ఇంకా నేర్చుకోలేదు" అనెను. భక్తులకు పావనమగు ఆ దర్శనము చక్రపాణికి తర్కమున ఉపమానముగా పనికివచ్చినది.

ఇంత కాపాడుచున్న ఈ చిత్రములను ఆయన చూచునాయని మీరడుగవచ్చును. అదియే ఈ చరిత్రలోని మర్మము. 1957 నాటి మాయాబజార్ నలుపు తెలుపులలో ఒకటి, 2010లో రంగులద్దినది ఒకటి ఆయన యొద్ద కలవు. రెంటికిని పైనున్న పలుచని పారదర్శక కాగితము నేటికిని చెక్కుచెదరలేదు. కవరు చించినచో విలువ తగ్గునట! ఒక ఆదివారము రాత్రి చప్పుడు వినవచ్చి ఇల్లాలు మేడపైకి పోయి చూడగా, ఆయన డిస్కుల నడుమ నేలపై కూర్చుండి, అదే మాయాబజారును ఫోనులో చూచుచుండెను. ఆమె ఏమియు ననలేదు. తేమ యంత్రమును ఎత్తుకొని క్రిందికి దిగిపోయెను. మరునాడు యూనిఫాము ఆరినది.

అయినను ఆయనకును ఒక దినము వచ్చినది. మిత్రబృందము పెద్దలను కూర్చుండబెట్టి మూడు గంటల పాత సాంఘిక చిత్రమొకటి చూపవలెనని తలపెట్టగా, నిన్నటివరకు ఆన్‌లైనులో నుండినది హక్కుల గడువు తీరి అంతర్ధానమైనది. నెలనెలా చందా కట్టువాడు చూచుటకు అనుమతి పొందినవాడే కాని సొంతదారు కాడని అందరికిని ఆనాడు బోధపడెను. నవ్విన నాపచేనే పండునన్నట్లు, ఆయనను ఎగతాళిచేసిన వారందరును కుర్చీలు మోసికొని ఆయన యింటికే చేరిరి. ఒక వీసీడీ 74 నిమిషములే పట్టును గనుక ఆ చిత్రము మూడు డిస్కులలో నుండవలెను. పెట్టె తెరచిచూడగా నడిమి డిస్కు లేదు! మొదటి దాని చివర నాయికానాయకులకు పరిచయమైనది. మూడవదాని మొదట వారి బిడ్డ బడికి పోవుచున్నది. నడుమ జరిగిన ప్రేమ, పెండ్లి, అపార్థములను డెబ్బదియేండ్ల బామ్మగారొకరు పాటలతోసహా నోటితో చెప్పి నడిపించిరి. చక్రపాణి అరువుల పుస్తకము తెచ్చి తిరగవేయుచుండగా, సభలోని పెద్దమనిషి యొకడు ఉన్నట్టుండి కారు తాళములు వెదకసాగెను.

నా తీర్పు ఇది: ఇంటికొక చక్రపాణి ఉన్నచో సంసారములు సాగవు, ఊరికొక్కడైనను లేనిచో పాత సినిమాలు దక్కవు. మీ యూరిలో నున్న ఆయనను చూచి మీరు నవ్వుకొనుడు, దోషము లేదు. కాని ఆయన యొద్ద అరువు తెచ్చిన డిస్కు మీ టీవీ క్రింద సొరుగులో నున్నదేమో నేడే చూచి, తిరిగి యిచ్చివేయుడు.