గాటు దొరికితే చాలు

నన్ను పొగాకు మొజాయిక్ వైరస్ అంటారు. కరోనా, పోలియోల పేర్లు తెలిసినంతగా నా పేరు మీకు తెలియకపోవచ్చు. కానీ మా జాతిలో మనిషికి ముందుగా పట్టుబడ్డది నేనే. వైరస్ అనేదొకటి ఉందని లోకానికి తెలిసింది నా వల్లే.

నెదర్లాండ్స్‌లో పొగాకు ఆకుల మీద లేత, ముదురు పచ్చ మచ్చలు పడుతుంటే, 1886లో అడోల్ఫ్ మేయర్ ఆ తెగులుకు మొజాయిక్ అని పేరు పెట్టాడు. ఇదంతా బాక్టీరియా పని అనుకున్నాడు. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ తెగులు ఆకు రసాన్ని, బాక్టీరియా దూరలేని పింగాణీ గొట్టంతో వడకట్టాడు. నేను దర్జాగా బయటికొచ్చాను. బాక్టీరియా వదిలిన విషమేమో అని ఆయన అనుమానం. విషమైతే మొక్క నుంచి మొక్కకు ఎక్కించేకొద్దీ పలచబడాలి కదా! నేను పలచబడలేదు. ఆ సంగతి పట్టుకుని 1898లో బైయరింక్, ఇది మొక్క కణాల్లో మాత్రమే పెరిగే కొత్త రకం అంటుపదార్థమని తేల్చి, వైరస్ అన్నాడు. నన్ను ద్రవం అనుకోవడం ఒక్కటే ఆయన చేసిన పొరపాటు.

నేను ద్రవం కాదు, సన్నటి పుల్లని. పొడవు 300 నానోమీటర్లు, మందం 18. ఒకే అచ్చులో పోసిన 2,130 ప్రోటీన్లు మొక్కజొన్న కండె మీద గింజల్లా నా చుట్టూ మెలికలు తిరుగుతూ పేర్చి ఉంటాయి. నడిమి మాత్రం బోలు. ఆ ప్రోటీన్ల గాడిలో సుమారు 6,400 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పోగు ఇమిడి ఉంటుంది. 1935లో అమెరికాలో స్టాన్లీ నన్ను స్ఫటికాలుగా మార్చి 1946లో నోబెల్‌లో వాటా అందుకున్నాడు గానీ, నేను ఉత్త ప్రోటీన్‌నే అనుకున్నాడు. పోగు ఎక్కడ ఎలా కూర్చుందో ఎక్స్‌రేలతో చూపింది లండన్‌లో రోజలిండ్ ఫ్రాంక్లిన్. 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శన కోసం నా నమూనా పెద్దది తయారుచేయించింది. ప్రదర్శన తెరవడానికి ముందురోజే ఆమె కన్నుమూసింది.

ఇక నా బతుకు తెరువు. మొక్క కణానికి గట్టి గోడ ఉంటుంది. దాన్ని తొలిచే సాధనం నా దగ్గర లేదు. ఆకు మీది నూగు విరిగినా, గోరు గీసుకున్నా ఆ గాటులోంచి లోపల పడతాను. పడగానే ఒక కొసన కొన్ని ప్రోటీన్లు ఊడి, పోగు బయటపడుతుంది. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ దాన్ని అందుకుంటుంది. సొంతింటి ఉత్తర్వో పరాయిదో దానికి పట్టదు, చదువుకుంటూ పోతుంది. అది జరిగేకొద్దీ నా మిగతా తొడుగూ చాలావరకు ఊడిపోతుంది. నన్ను విప్పే చాకిరీ కూడా కణం చేతే చేయిస్తానన్నమాట.

ముందు నకళ్లు తీసే ఎంజైములు తయారవుతాయి. అవి నా పోగుకు ఎదురుపోగు తీసి, దాని నుంచి నాలాంటి పోగులు లెక్కలేనన్ని తీస్తాయి. మరో ప్రోటీన్ కణానికీ కణానికీ మధ్య ఉన్న ఇరుకు దారులను వెడల్పు చేస్తుంది. ఆఖర్న తొడుగు ప్రోటీన్లు గుట్టలుగా వచ్చి, పోగు చుట్టూ వాటంతటవే చేరతాయి. కూర్చే మేస్త్రీ ఎవడూ అక్కర్లేదు. 1955లో బర్క్‌లీలో ఫ్రెంకెల్ కాన్‌రాట్, విలియమ్స్ నన్ను విడదీసి గాజు గొట్టంలో మళ్లీ కలిపితే, తిరిగి తెగులు పుట్టించాను. ఆ మరుసటి ఏడు, తొడుగు లేకున్నా ఉత్త ఆర్‌ఎన్‌ఏ చాలునని రుజువైంది. వంశగుణాలను ఆర్‌ఎన్‌ఏ కూడా మోయగలదని మీరు నేర్చుకున్నది అప్పుడే.

మా కులగోత్రాల లెక్క 1971లో డేవిడ్ బాల్టిమోర్ తేల్చాడు. కణం చదవగలిగే ఆర్‌ఎన్‌ఏని ఎవరు ఎలా తయారుచేసుకుంటారన్నదే ఆయన గీటురాయి. ఇప్పుడు మొత్తం ఏడు వర్గాలు. రెండు పోగుల డీఎన్‌ఏ ఉన్న మశూచిది మొదటిది. ఇన్‌ఫ్లుయెంజాది ఐదోది, దాని ఆర్‌ఎన్‌ఏ ఎదురుపోగు కనుక నేరుగా చదవడానికి వీల్లేదు. ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ చేసుకునే హెచ్‌ఐవీది ఆరోది. ఉన్నదున్నట్టు చదవగలిగే పోగు గల నాది నాలుగోది. పోలియో, డెంగ్యూ, కరోనా నా వర్గంవే. కాకపోతే కరోనాకు కొవ్వు పొర ఉంది, సబ్బు తగిలితే చితికిపోతుంది. నాకా పొర లేదు. అందుకే నేను మొండిఘటాన్ని.

గుంటూరు, ప్రకాశం రైతులూ, మీకొక మాట. పొగాకు ఆరబెట్టే బ్యారన్ వేడికి నేను లొంగను. ఎండిన ఆకులో ఏళ్ల తరబడి ఉండగలను. చుట్టో సిగరెట్టో తాగిన చేతితో నారు పీకినా, తలలు తుంచినా, పిలకలు గిల్లినా మొక్క మొక్కకూ నన్ను మీరే అంటిస్తారు. టమాటా, మిరపకు కూడా నేను సోకుతాను. సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు. కణం పనిముట్లే నా పనిముట్లు కాబట్టి దాన్ని కాపాడుతూ నన్ను మాత్రమే కొట్టడం కష్టం. తెగులు మొక్కను పీకి పారేయండి. నారుమడిలో పొగ తాగకండి. మొక్కను ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో రుద్ది కడగండి. సబ్బు నన్ను చంపదు గానీ మీ చేతి నుంచి వదిలిస్తుంది, అది చాలు.