మగాడికి సీటేదీ?

మెట్టుగూడ స్టాపులో బస్సెక్కి కూర్చోవడమన్న ముచ్చట నేను మర్చిపోయాను. మా రోజుల్లో ముందు తలుపు ఆడవాళ్ళది, వెనక తలుపు మాది. ముందు నాలుగు సీట్లు వాళ్ళకి వదిలేస్తే మిగతా బస్సంతా మనదే. 2023 డిసెంబరు 9న ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆ హద్దు చెరిగిపోయింది. కండక్టరమ్మ మిషన్ నొక్కి వాళ్ళందరికీ జీరో టికెట్లు చింపి ఇస్తుంది. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం "చిల్లర తియ్యి పెద్దాయనా, కొంచెం జరుగు" అంటుంది. పైసలిచ్చినోడు రాడ్డు పట్టుకుని వేలాడాలి, ఇవ్వనివాళ్ళు కిటికీ పక్కన కూర్చోవాలి. ఇదేం న్యాయమో!

అయితే ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున్నే నడిచే మా రిటైర్డు బ్యాచి ఇంకో మెట్టు పైకెక్కి, "ఆడోళ్ళ రాజ్యం వచ్చేసింది, మగాడి పవరు పోయింది" అని ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి శోకాలు పెడుతుంది. ఆ శోకాలయ్యాక ఇంటికెళ్ళి కుర్చీలో కూలబడితే కాఫీ చేతికి రావాల్సిందే, అది వేరే సంగతి. సణుక్కోవడానికైనా ఒక లెక్క ఉండాలి కదా!

ఇదే క్యాంపస్ అమ్మాయిలు 1974లో ప్రగతిశీల మహిళా సంఘం అని పెట్టుకుని వరకట్నం మీద, అశ్లీల పోస్టర్ల మీద రోడ్డెక్కితే, "చదువుకోమని పంపిస్తే ఇదేం పని" అన్న పెద్దమనుషులకి కొదవ లేదు. అప్పుడూ ఇదే పాట, రాజ్యం పోతోందని.

ఆ రాజ్యం ఏపాటిదో మా రైల్వే క్వార్టర్స్ సంగతి చూడండి. చీటీలు నడిపింది, బాకీలు వసూలు చేసింది, ఎగ్గొట్టినవాడి ఇంటి ముందు కూర్చుని పరువు తీసింది అంతా ఆడవాళ్ళే. పేరు మాత్రం లాలాగూడ వర్క్‌షాపుకు పోయే మొగుడిది.

ఆస్తి దగ్గరికి రండి. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం పెళ్ళికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన వాటా ఇస్తూ చట్టం చేసింది. కేంద్రం ఆ పని దేశమంతటికీ చెయ్యడానికి 2005 దాకా పట్టింది. చట్టం వస్తే వాటా వచ్చినట్టేనా? అన్నదమ్ములు ఒక పట్టుచీర, పసుపు కుంకుమ పెట్టి, అక్కచెల్లెళ్ళని ఆటోలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్ళి "మాకొద్దు" అని సంతకం పెట్టించేవాళ్ళు. ఇప్పటి పిల్లలు గడుసువాళ్ళు. చీర తీసుకుంటారు, సంతకం దగ్గర మాత్రం "చూద్దాంలే అన్నయ్యా" అంటారు. మా బ్యాచిలో సగం మందికి అసలు మంట అక్కడ!

ఆడోళ్ళ రాజ్యం వచ్చిందనడానికి ఇంకో రుజువు చూపిస్తారు మావాళ్ళు. 2009లో గ్రేటర్ హైదరాబాద్ తొలి మేయరైన బండ కార్తీకరెడ్డి మా పక్క తార్నాక డివిజన్ నుంచే గెలిచారు. 2021లో డిప్యూటీ మేయరైన మోతె శ్రీలతా అక్కడివారే, ఆ ఏడు మేయరు గద్వాల విజయలక్ష్మి. రెండు కుర్చీలూ ఆడవాళ్ళవే, ఒప్పుకుంటాను. మరి అసెంబ్లీ మాటో? 2023 ఎన్నికల్లో 119 స్థానాలకి గెలిచిన ఆడవాళ్ళు 10 మంది. మూడో వంతు వాళ్ళకివ్వాలన్న చట్టం అదే ఏడు పార్లమెంటులో పాసైంది గానీ, జనాభా లెక్కలూ నియోజకవర్గాల పునర్విభజనా అయితే తప్ప అమలుకి రాదని అందులోనే రాసిపెట్టారు.

ఆ ఎన్నికల్లో గెలిచిన మిగతా 109 మందీ మగాళ్ళే. పవరు ఎక్కడికీ పోలేదు, ఊరికే గాబరా పడకండి.