మూడు కాళ్ల సర్వే

గూడ్సుబండిని ఫొటో తీయడానికి నల్లమల దాకా పోయొస్తానంటే మా ఆవిడ ఎగాదిగా చూసి, "దానికేమన్నా సంబంధాలు చూస్తున్నారా?" అంది.

నరసరావుపేటలో పుట్టినవాడికి గూడ్సు పిచ్చి కొత్తగా పట్టేదేం కాదు. చిన్నప్పుడు గేటు పడితే సైకిలు హ్యాండిలు మీద వాలి పెట్టెలు లెక్కపెట్టేవాళ్లం. నాకు నలభై ఒకటొస్తే పక్కవాడికి నలభై మూడొచ్చేది. తగువు తేలేలోపు గేటు లేచేది.

ఫొటోల వాళ్లంతా అరకు పోతారు. ఆ కొత్తవలస–కిరండూల్ లైనుకు 58 సొరంగాలు, ఇనుప ఖనిజం లాగే జోడింజన్లు. ఉండనీండి. మా గుంటూరు–గుంతకల్లు లైనుకూ నల్లమల ఉంది. మీటరుగేజి పోయాక మూలబడ్డ దొరబావి వంతెన స్తంభాలు అడవిలో ఇంకా నిలబడే ఉన్నాయి. వినుకొండ, దొనకొండ, కంభం దాటి గిద్దలూరులో దిగాను. అడవి మొదలయ్యే చోట, పట్టాలకు దూరంగా ఓ కంది చేను గట్టున ట్రైపాడ్ పాతాను.

అదే నా తప్పు. మా కోటప్పకొండ ఎటునుంచి చూసినా మూడు శిఖరాలే కనపడతాయంటారు. ట్రైపాడ్ ఎటునుంచి చూసినా సర్వేనే కనపడుతుంది. పైగా ఆ లైను పక్కన రెండో లైను పడుతున్న రోజులు.

చేలోంచి ఓ పెద్దాయన వచ్చాడు. "ఏం సారూ, కొలతలా?"

"కాదు పెద్దాయనా, గూడ్సును ఫొటో తీద్దామని."

ఆయన నవ్వాడు. "చెప్పగూడదులే, మాకు తెల్దా!" అని చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చాడు. నేను సగం తాగాక గొంతు తగ్గించి, "సారూ, దాన్ని కాస్త అటు తిప్పండి. ఆ చేను మా దాయాదులది" అన్నాడు.

గూడ్సుకు మనకు తెలిసే టైమంటూ ఉండదు. మూడు గంటలు గడిచాయి. మజ్జిగ రుణం ఊరికే పోతుందా? కెమెరా దాయాదుల వైపు తిప్పాను. అక్కడితో ఊరుకోక, 2013 చట్టం వచ్చాక పల్లెల్లో భూమి తీసుకుంటే మార్కెట్ ధరకు మించే ఇస్తారని నాకు తెలిసిన ముక్క వాగాను.

పెద్దాయన ముఖం మారింది. "మించా? మరి చెప్పవేందయ్యా! ఇటు తిప్పు, ఇటు తిప్పు!" అని ట్రైపాడ్ కాలు తనే పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కొండ మలుపులో హారన్ మోగింది. ఒక కాలు ఆయన చేతిలో, రెండు కాళ్లు నా చేతిలో. ఇంజను పోయింది, పెట్టెలు పోయాయి. లెక్క కూడా పెట్టలేకపోయాను. చివరి డబ్బాలోంచి గార్డు (2022 నుంచి ఆయన హోదా ట్రైన్ మేనేజరట) చెయ్యూపుతుంటే ఒక్కటంటే ఒక్కటి నొక్కాను.

ఇంటికొచ్చి మా ఆవిడకు చూపించాను. ఫొటో నిండా పెద్దాయనే. చేతులు బార్లా చాపి, హద్దురాయి నుంచి బావి దాకా చూపిస్తున్నాడు.

"పెద్దమనిషి బాగున్నాడు," అంది. "ఆయన చంక కింద ఎర్రగా ఉన్నదేంటి, రైలా?"